అరవై నాలుగో చప్పుడు

"ఇది పెట్టుకుంటే పిడుగు పడినా వినపడదమ్మా" అన్నాడు ఇయర్‌ఫోన్ల కొట్టతను.

ఆ మాట వినగానే కొనడానికొచ్చిన ఆవిడ దాన్ని గబుక్కున బల్లమీద పెట్టేసింది.

"పిడుగు వినపడకపోతే ఎలా బాబూ? గ్యాస్ బుస్సుమంటే? నేను బాత్రూంలో జారిపడి కేకేస్తే?"

అరగంటగా ఇదే వరస. మొదటిది చెవిలో దూరిపోతుందని భయం. రెండోది నెత్తిమీద బిగిసి పిల్లకి తలనొప్పి వస్తుందని భయం. ఇది మరీ బాగా పనిచేస్తుందని భయం.

ఫ్యాను కింద స్టూలు మీద కూర్చున్న మనిషి నవ్వాపుకోలేకపోయాడు. నలభై ఏళ్లుంటాయి. ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చినవాడిలా చెమట తుడుచుకుంటున్నాడు.

"ఎవరికక్కా?"

"మా అమ్మాయికి తమ్ముడూ. రేపు పదింటికి ఫోన్లో ఇంటర్వ్యూ. ఇది నాలుగోది. మూడూ గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయాయి. ఇదీ పోతే దాని మొహం నేను చూడలేను. అదేమో 'ఏం కాదమ్మా' అంటుంది. ఏం కాదన్నప్పుడే కదా అన్నీ అయ్యేది!"

"ఇంట్లో గోలెక్కువా?"

"ఇంట్లో కాదు, నెత్తిమీద! రెండు వారాల కిందట పై వాటాలో ఎవడో దిగాడు. మొహం కూడా చూడలేదు. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు. ధం... టక్. ధం... టక్. రోట్లో ఇనపగుళ్లు దంచుతున్నట్టు!"

"ఏం చేస్తున్నాడంటారు?"

"మొదట గోడలు పగలగొడుతున్నాడనుకున్నాను. తర్వాత దొంగనోట్ల మిషనేమో అనుకున్నాను. పైకి అనకూడదు గానీ, శవాన్ని పాతిపెడుతున్నాడేమోనని కూడా అనుకున్నాను."

"మేడమీద శవాన్ని పాతడం కష్టం కదక్కా."

"మా అమ్మాయీ అదే అంది. అయినా ఎవరి భయం వాళ్లది. ఈ వీధి మొదట్లో పసుప్పచ్చ మేడ లేదూ? అందులో మొదటి అంతస్తు మాది. పాత కట్టడం. ఎన్నో దెబ్బకి కప్పు కూలుతుందోనని లెక్కపెడుతూ కూర్చుంటాను."

ఆ మనిషి చెమట తుడుచుకోవడం ఆపేశాడు.

"లెక్కపెట్టారా?"

"పెట్టనా మరి! మొదటిరోజు ఏడు. ఏడు దెబ్బలకే ఆపేశాడు. మర్నాడు పన్నెండు. ఇప్పుడు చూడు, నిన్న అరవై మూడు!"

"మధ్యలో ఆగకుండానా?"

"ఊపిరి కూడా తీసుకోలేదు మహానుభావుడు."

"అరవై మూడు!" అన్నాడతను, లాటరీ తగిలినవాడిలా.

"నీకెందుకు తమ్ముడూ అంత సంబరం? కూలేది మా కప్పు!"

అతను పకపకా నవ్వాడు. ఆవిడకి ఒళ్లు మండింది. కానీ అసలు సంగతి చెప్పకుండా ఉండలేకపోయింది.

"పోయిన బుధవారం ధడేల్‌మని ఒక్క చప్పుడు. తర్వాత రెండు రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు. అప్పుడింకా భయమేసింది. ఏమైపోయాడో ఏమో! రెండుసార్లు మెట్లెక్కి తలుపుదాకా వెళ్లాను. తట్టే ధైర్యం చాలక దిగొచ్చాను. శనివారం మళ్లీ ధం అన్నాడు, అప్పటిగ్గానీ నాకు ముద్ద గొంతు దిగలేదు."

ఆ మనిషి నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని, డబ్బాల్లోంచి ఒకటి ఏరి ఇటు జరిపాడు.

"ఇది తీసుకోండక్కా. మీ అమ్మాయి చెవులు మూస్తే చాలదు. అవతల ప్రశ్నలడిగేవాళ్లకి ఆ ధం టక్ వినపడితే?"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. లోకంలోని భయాలన్నీ పడింది గానీ, ఇది మాత్రం తట్టనే లేదు.

"అయిపోయింది. ఈ ఉద్యోగమూ అయిపోయింది."

"ఏం అవలేదు. దీని మైకు కూడా బయటి చప్పుడుని ఆపుతుంది. ఈ బొత్తాం నొక్కితే మీ కేక వినపడుతుంది. రేపు ఇంటర్వ్యూ అయ్యేదాకా పైనుంచి చీమ చిటుక్కుమన్నా నన్నడగండి."

"నిన్నెక్కడని వెతికి అడగను?"

"ముందు పెట్టుకుని చూడండి."

పెట్టుకుంది. ఫ్యాను చప్పుడు, పక్క కొట్లో రేడియో, వీధిలో హారన్లు, అన్నీ ఎటో వెళ్లిపోయాయి. హాయిగా కళ్లు మూసుకుంది. రెండు వారాల్లో ఇంత ప్రశాంతత ఎరగదు.

కళ్లు తెరిచేసరికి స్టూలు ఖాళీ.

ఇంత మేలు చేసిన మనిషికి ఒక్క మంచిముక్క చెప్పలేదే అని గబగబా చెవుల్లోంచి తీసేసింది.

గుమ్మం మెట్టు దగ్గర వినిపించింది.

ధం... టక్.

ఆవిడ గుమ్మం దగ్గరికి పరుగెత్తింది.

"పెట్టుడుకాలు అమర్చి మూడు వారాలేనటమ్మా" అన్నాడు కొట్టతను. "చేతికర్రతో ఒంటరిగా రోడ్డెక్కడం ఇవాళే మొదలట. రెండుచోట్ల ఆగి ఆగి వచ్చాడు పాపం. ఇది ప్యాక్ చేయమంటారా?"

"ష్! లెక్క తప్పుతుంది."

గుమ్మం పట్టుకుని నిలబడి, అతనికి వినపడేలా గొంతెత్తి లెక్కపెట్టసాగింది. ముప్పై దాటింది. యాభై దాటింది. వీధిలో జనం ఆగి చూశారు. అరవై మూడు దగ్గర ఊపిరి బిగబట్టింది.

ధం... టక్.

"అరవై నాలుగు!"

అతను వెనక్కి తిరగలేదు. చేతికర్రని జెండాలా గాల్లోకి ఎత్తాడు.

"కర్ర దించు తమ్ముడూ, పడిపోతావు!" అని వీధి దద్దరిల్లేలా కేకేసింది ఆవిడ.