సన్నటి ధార

“ఏయ్! ఇవి నీళ్ళా, జలుబు చేసిన ముక్కా?”

బాత్రూమ్‌లోంచి భర్త కేక వినగానే ఆమె చేతిలోని గరిటె జారి కింద పడింది. స్టవ్ ఆపేసి పరుగున వెళ్ళింది.

అతను తలనిండా నురుగుతో షవర్ కింద నిలబడి ఉన్నాడు. కుళాయి చన్నీళ్ళ వైపు తిప్పితే జలపాతం. వేడినీళ్ళ వైపు తిప్పితే దారప్పోగు.

ఆ బాత్రూమ్‌కి పైపులన్నీ కొత్తగా వేయించి పన్నెండు రోజులైంది. మొదటి రెండు రోజులూ నీళ్ళు బాగానే వచ్చాయి. ఆ తర్వాత మొదలైంది ఈ గోల. ప్లంబర్ రెండుసార్లు వచ్చి చూశాడు. ఒకసారి షవర్ జల్లెడ విప్పి కడిగాడు. ఇంకోసారి గీజర్ మొత్తం ఖాళీ చేసి మళ్ళీ నింపాడు. ధార మాత్రం వెంట్రుకవాసి కూడా లావెక్కలేదు.

“వాడికి పని చేతకాదు. మాటలు మాత్రం కోటలు దాటతాయి,” అన్నాడు భర్త తల తుడుచుకుంటూ. “ఇక వాణ్ణి పిలిచేది లేదు. నేనే విప్పుతా.”

ఆమె ఒక అడుగు ముందుకేసింది.

“మీకెందుకండీ ఆ పని? వేడి పైపు, చెయ్యి కాలుతుంది. చేసినవాడికే కదా తెలిసేది లోపం ఎక్కడుందో. ఇంకొక్కసారి పిలిచి చూడండి.”

అతను తుడుచుకోవడం ఆపి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. ఆ చూపు తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. రెండడుగులు వెనక్కి వేసింది.

“ప్లంబర్ మీద అంత జాలేంటి?”

“జాలి కాదు. మీరు రోజూ ఇబ్బంది పడుతున్నారని...”

ఆమె తువ్వాలు అందుకుని మడత పెట్టసాగింది. నాలుగు మడతలైనా అతను చూపు తిప్పుకోలేదు. చివరికి ఫోన్ తీశాడు. ఆ ఇంట్లో ఉన్న ఫోన్ అదొక్కటే.

“ఇదే ఆఖరు,” అన్నాడు.

ప్లంబర్ పదకొండింటికి వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన బరువైన సంచి, మొహంలో నామోషీ. భర్త ఎప్పటిలాగే కుర్చీ తెచ్చుకుని బాత్రూమ్ గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె అతని వెనకాల గోడకి ఆనుకుంది.

“ఏవయ్యా, ఇరవయ్యేళ్ళ అనుభవం అన్నావ్. అదంతా పైపులో ఇరుక్కుందా ఏంటి?”

“ఇవ్వాళ తేల్చేస్తాను సార్. కుళాయి నుంచి గీజర్ దాకా ఒక్కొక్కటీ చూస్తాను.”

ఒక్కొక్కటీ. ఆ మాటకి ఆమె తలెత్తింది.

ప్లంబర్ షవర్ విప్పి చూశాడు. బిగించాడు. కుళాయి విప్పాడు. అదీ బిగించాడు. తర్వాత స్టూలెక్కి, గీజర్ వెనక సందులోకి టార్చి వేసి చెయ్యి పెట్టాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ప్లంబర్ ఇంకా ఆ సందులోకే చూస్తున్నాడు.

“ఏంటయ్యా, అందులోనే కాపురం పెడతావా? ఏం దొరికింది?” భర్త కుర్చీలోంచి లేచాడు.

ప్లంబర్ తల తిప్పాడు. భర్త భుజం మీదుగా ఒక్క క్షణం ఆమెని చూశాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

“వాషర్ సార్,” అన్నాడు నెమ్మదిగా. “తప్పు నాదే. చిన్న సైజు వేశాను. షాపుకెళ్ళి అరగంటలో సరైనది తెస్తాను.”

“నీ సంచి ఇక్కడ పెట్టి వెళ్ళు. లేకపోతే మళ్ళీ కనపడవు.”

“అలాగే సార్.”

భర్త జేబులోంచి తాళంచెవి తీసి అతన్ని బయటికి పంపాడు. మళ్ళీ తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. భర్త హాల్లో అటూ ఇటూ తిరిగి, హఠాత్తుగా బాత్రూమ్‌లోకి నడిచాడు.

“అసలా వాషర్ ఏదో నేనే చూస్తా.”

“టీ పెట్టానండీ, చల్లారిపోతుంది. తాగి చూడండి.”

“నీకెందుకు అంత కంగారు?”

స్టూలెక్కాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆమె తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. గోళ్ళు చెక్కలోకి దిగాయి. అతని చెయ్యి గీజర్ వెనక్కి వెళ్తుండగా బెల్ మోగింది.

మళ్ళీ మోగింది. విడవకుండా మోగుతూనే ఉంది.

విసుక్కుంటూ వెళ్ళి తలుపు తీశాడు. ప్లంబర్ నిలబడి ఉన్నాడు. అతని వెనక యూనిఫామ్‌లో ఇద్దరు ఆడ పోలీసులు.

“ఒక వాషర్ మోయడానికి ఇంతమందా?” భర్త నవ్వబోయాడు. “వేడినీళ్ళు రాకపోతే పోలీసులొస్తారా ఎక్కడైనా?”

వాళ్ళు నవ్వలేదు. అందులో పెద్దామె అతన్ని దాటుకుని లోపలికొచ్చి, ఆమె ముందు అరచెయ్యి చాపింది. అందులో తడిసి నలిగిన సబ్బు కాగితం ముక్క ఉంది.

“ఇది రాసింది నువ్వేనామ్మా?”

ఆమె తలూపింది. కనుబొమల పెన్సిల్‌తో గీకినట్టున్న ఆ అక్షరాల్ని అధికారిణి పైకే చదివింది: “వాల్వ్ మూసింది నేనే అన్నా, మీరొస్తే తప్ప ఈ ఇంటి తలుపు తెరుచుకోదు.”