గ్రామం సార్ గుండె నొప్పి

"యూనుస్ భాయ్, నాకు గుండె నొప్పి!"

గ్యాస్ బండ పక్కింటి వంటింట్లో దించి, గడప మీద కూలబడి, భుజం ఒత్తుకుంటూ మొహం తుడుచుకుంటున్న యూనుస్ ఉలిక్కిపడి లేచాడు. ఇప్పటిదాకా ఎదుట నిలబడి తననే చూస్తూ మాట్లాడుతున్న మనిషి, ఛాతీ మీద చెయ్యేసుకుని కుర్చీలోకి ఒరిగిపోయాడు.

ఆయన పేరు గ్రాహం. ఇంగ్లండులో ఉద్యోగం అయిపోయాక, భార్య సుమన పుట్టిన ఊరని మల్దకల్ పక్కన ఈ పల్లెకొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. గ్రాహం అనడానికి నోరు తిరగక ఊరంతా 'గ్రామం సార్' అంటారు. బోరు మోటరు కాలినా, కరెంటు పోయినా, ఠాణాలో ఏ కాగితం మీద ముద్ర వేయించాలన్నా ఆయనకు పక్కింటి యూనుసే దిక్కు. నిన్న వనపర్తిలో చెల్లెలింటికి పోతూ సుమన అతనికే అప్పజెప్పి పోయింది. "మా ఆయన పైలం, యూనుసన్నా!"

"యా అల్లా! ఏమైంది సార్? గ్యాస్ గావొచ్చు. నాకు గిట్లనే అయితది, సోడా తాగుత, తగ్గుతది."

"సోడా వద్దు. దవాఖాన. గద్వాల."

"దవాఖానకు పోతే లేని రోగం అంటగడతరు సార్. నేనైతే ఆ గడప తొక్క."

"యూనుస్! ఇప్పుడే పోవాలె!"

సార్ గొంతు ఎన్నడూ అంత లేవలేదు. 

"మంచిది సార్, తిరుపతిని పిలుస్త. ఆటోల తీస్కపోతడు. నేను ఇంటికాడ ఉంట."

"నువ్వు రావాలె. నువ్వు రాకుంటె నేను పోను. ఈడనే సస్త."

సస్త అన్న మాట వినగానే యూనుస్ ఫోన్ కొట్టాడు. తిరుపతి ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. యూనుస్ లోపలికి ఉరకబోయాడు.

"మీ పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు కాయిదాలు ఏడున్నయ్ సార్?"

"ఏం వద్దు. ఉరకకు! మెల్లగ. మెల్లగ నడువు."

ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఆటో ఎక్కారు. ఆటో కదలగానే సార్ ఫోన్ తీసి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడాడు. యూనుస్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ నిదానం చూస్తే మాత్రం గుబులు పుట్టింది. ఆఖరి మాటలు అట్లనే చెప్తరంట. పెండ్లానికే చెప్తున్నడేమో.

ఫోన్ పెట్టేసి సార్ అతని ఎడమచేతి మణికట్టు పట్టుకున్నాడు. ఇక వదల్లేదు.

తిరుపతి హారన్ కొడుతూనే ఉన్నాడు. పత్తి ట్రాక్టరొకటి రోడ్డుకు అడ్డంపడి దారి ఇవ్వట్లేదు.

"తిరుపతీ, జల్దీ పోనియ్యరా! సార్‌కేమన్న అయితే మనిద్దరం జైలుకే."

యూనుస్ కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. తెల్లాయన పోయిండంటే పోలీసులు ఊకుంటరా? ఆఖరుకు ఎవరు చూసిండ్రంటే యూనుసే. ఎవరు పట్టుకపోయిండ్రంటే యూనుసే. వాళ్ళ దేశానికి ఎట్ల చెప్పాలె? ఆయన దేవుడు వేరు, మట్టి యాడ చెయ్యాలె? సుమనక్క వచ్చి, నీకు అప్పజెప్పి పోతినిగదన్నా అంటే ఏ మొహం చూపెట్టాలె? అన్నిటికంటే ముందు, పొద్దున లేస్తే ఆ గోడవతలి నుంచి 'చాయ్ తాగినవా భాయ్' అనే గొంతు ఇక వినబడదా?

భయానికి అంగీ తడిసి వీపుకు అంటుకుంది. దుమ్ముకు ఊపిరి ఆడట్లేదు. పండ్లు బిగబట్టి బిగబట్టి దవడ లాగుతోంది. సార్ పట్టిన పట్టుకు ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది.

"సార్, కండ్లు మూయకుండ్రి. నాతోని మాట్లాడుండ్రి."

"మాట్లాడుత. నువ్వు గూడ మాట్లాడు. నీ బిడ్డ జబీన్ కాలేజీ గురించి చెప్పు."

"ఇప్పుడు అదెందుకు సార్?"

"చెప్పు భాయ్. ఆపకు."

యూనుస్ చెప్పసాగాడు. చెప్తుంటే నాలుక తడబడింది. సార్ కండ్లలో నీళ్ళు తిరుగుతున్నాయి. పానం పోతుందని తెలిసిపోయిందేమో పాపం అనుకుని యూనుస్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. గద్వాల కోట గోడ కనబడేదాకా ఆయన మణికట్టు వదల్లేదు, 'చెప్పు, చెప్పు' అనడం మానలేదు.

దవాఖాన గేటు దగ్గర స్ట్రెచరుతో ఇద్దరు, వాళ్ళ వెనక తెల్లకోటులో ఒక డాక్టరమ్మ అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఆటో ఆగీ ఆగకముందే యూనుస్ దిగి అరిచాడు.

"జల్దీ రాండ్రి! సార్‌కు గుండె నొప్పి! జర పుణ్యముంటది, సార్‌ను బతికియ్యుండ్రి!"

వాళ్ళిద్దరూ వచ్చి చెరో పక్క యూనుస్ రెక్కలు పట్టుకున్నారు.

"నన్ను పట్టుకుంటరేంది? అగో, ఆయన ఆటోల ఉన్నడు!"

వినలేదు. ఎత్తి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ అతని అంగీ గుండీలు విప్పుతూ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది.

"టైముకు తెచ్చిండ్రు సార్. జర ఆలస్యమైతే చెయ్యి దాటిపోతుండె. లోపలికి పట్టండి!"

యూనుస్ తల తిప్పి చూశాడు. గ్రామం సార్ ఆటోలోంచి ఎవరి సాయమూ లేకుండా దిగి, నిటారుగా నడిచి వచ్చి స్ట్రెచరు పక్కన నిలబడ్డాడు.

"సార్... నొప్పి మీకు గద?"

గ్రామం సార్ వంగి, అతని నుదుటి మీది చెమట తుడిచాడు.

"గుండె నొప్పి నీకొచ్చింది, దవాఖానకు పోదాం పా అంటే... నువ్వు ఆటో ఎక్కేటోనివా భాయ్?"