వారంటీ ఉన్న బండి

బానెట్ కింద వేళ్ళు దూర్చి కొక్కెం తడిమాడో లేదో, మెట్ల మీద నుంచి కూతురు పిలిచింది.

"నాన్నా, ముట్టుకోకు. వారంటీ పోతుంది."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నలభై ఏళ్ళు కార్ల కింద వెల్లకిలా పడుకుని బతికిన మనిషి. చెవుల మెకానిక్కు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే చప్పుడు విని, దానికేం జబ్బో చెప్పేసేవాడు. లోకంలో వాళ్ళ కార్లన్నీ విప్పి బిగించాడు గానీ, కడుపున పుట్టినదాని కారు మీద ఇంతవరకూ చెయ్యి వెయ్యలేదు.

"ఊరికే చూస్తున్నానే," అన్నాడు.

"చూడాలంటే పైనుంచి చూడు. బయటివాళ్ళు విప్పితే సీలు చూసి పట్టేస్తారు."

"నేను బయటివాణ్ణటే?"

"కంపెనీకి బయటివాడివే." నవ్వుతూనే అంది, కానీ బానెట్ నొక్కి చూసుకుని మరీ బండెక్కింది. తాళం తిప్పగానే కిచకిచమని, పిచ్చుకల గూడు కదిపినట్టు చప్పుడు.

బెల్టు వదులైందని, పది నిమిషాల పనని, ఒక్క స్పానరు చాలునని ఆయన అద్దం దగ్గరికి వంగి చెప్పాడు. సర్వీసు షెడ్డులో చెప్తాలే అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నెల నుంచీ ఇదే మాట. షెడ్డువాళ్ళు రెండుసార్లు చూశారు, రెండుసార్లూ బండి కడిగి పంపారు. చప్పుడు మాత్రం పోలేదు.

అది కొత్త కారేం కాదు. ఒకరు నాలుగేళ్ళు తిప్పి అమ్మింది. పాత బండికి వారంటీ ఏంటే అని, అది ఇంటికొచ్చిన రోజే ఆయన ఆశ్చర్యపోయాడు. ఆయన రోజుల్లో పాత బండికి పూచీ అంటే అమ్మేవాడు పిల్లల మీద పెట్టే ఒట్టే. ఇప్పుడలా కాదని, పాత కార్ల షోరూముల్లో బండిని తనిఖీ చేసి రెండేళ్ళకి కాగితం రాసిస్తారని కూతురు చెప్పింది. చదువుకున్న పిల్ల, కాగితాల సంగతి దానికే తెలుస్తుందని ఊరుకున్నాడు.

ఆ కారు కుదుర్చుకుని సంతకాలు పెట్టి వచ్చిన వారానికి ఆయన రిపేరు షాపులో ఒక సంగతి జరిగింది. ఆయన టైరు మార్చి పంపిన బండికి చక్రం ఊడి, నడిరోడ్డు మీద ఒరిగింది. దేవుడి దయ, ఎవరికీ గీత కూడా పడలేదు. నట్టు మరలు అరిగాయని ఈయనన్నాడు, అసలు బిగించనే లేదని బండాయనన్నాడు. కూతురు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. నెమ్మదిగా షాపుకి వచ్చేవాళ్ళు తగ్గారు, షట్టరు కిందికి దిగింది. చక్రం ఊడిన నాలుగో రోజున కారు ఇంటికొచ్చింది. దానితోపాటే వారంటీ కూడా వచ్చింది.

అప్పటినుంచీ ఆ వారంటీ ఆయనకి సవతిలా తయారైంది. పొద్దున్నే బెల్టు కిచకిచమంటుంటే అన్నం సయించదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ బానెట్ ఎత్తి, తన చేత్తో ఆ బెల్టు బిగించాలి. అంతకు మించి ఆయనకి వేరే కోరికంటూ లేదు.

ఆవేళ కూతురు అటు వెళ్ళగానే ఉతికిన చొక్కా తొడుక్కుని, బస్సెక్కి, కారు అమ్మిన షోరూముకే పోయాడు.

బల్ల వెనకాల ఉన్న పిల్ల ఓపిక గలది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అడిగినదానికల్లా చెప్పింది. కొత్త కారుకి తయారుచేసిన కంపెనీయే ఇన్నేళ్ళని, ఇన్ని కిలోమీటర్లని వారంటీ ఇస్తుందట, రెండిట్లో ఏది ముందు నిండితే అక్కడికి సరి. మధ్యలో కారు అమ్మితే, మిగిలిన వారంటీ కొన్నవాళ్ళకి దక్కుతుందట. అదీ అయిపోయిన బండికైతే షోరూమువాళ్ళు విడిగా ఇస్తారట. ఇంజనూ గేరుబాక్సూ అందులోకి వస్తాయి. వాడుతుంటే అరిగిపోయే బెల్టులూ బ్రేకు ప్యాడ్లూ రావు.

ముసలాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అయితే తల్లీ, బెల్టు నేను బిగిస్తే వారంటీ పోదా?"

"పోదండీ. ఇంజను విప్పనంతవరకూ మీ ఇష్టం."

"అదే ముక్క కాగితం మీద రాసివ్వగలవా? మా అమ్మాయి నా మాట నమ్మదు."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. రాసిస్తాను, బండి నంబరు రాయండని చీటీ జరిపింది. ఆయన పెన్ను పట్టుకుంటే చెయ్యి ఊగి, అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఆ పిల్ల మెల్లగా చీటీ తనవైపు తిప్పుకుని, నోటితో చెప్పండి చాలంది. చెప్పాడు.

ఆమె లోపలికెళ్ళి ఫైలు వెతుకుతుంటే, ఆయన మనసులోనే పనిముట్లు సర్దేసుకున్నాడు. పన్నెండో నంబరు స్పానరు, ఒక పాతగుడ్డ. సాయంత్రం అమ్మాయి రాగానే ముందు కాగితం చేతిలో పెట్టాలి. తర్వాతే బానెట్.

ఫైలు వచ్చింది. ఆ పిల్ల ఒక్కో కాగితం తిప్పుతూ ఒకచోట ఆగింది. ఏదో పొరపాటనుకుని పైనున్న బండి నంబరు మళ్ళీ సరిచూసింది. తర్వాత ఆ కాగితాన్ని ఆయన ముందుకి తిప్పింది.

కింద సంతకం పక్కనే కూతురి చేతిరాత ఉంది: "వారంటీ అక్కర్లేదు, ఇంట్లో మా నాన్న ఉన్నాడు."