స్విచ్ ఆపిన తప్పు

ఆళ్లగడ్డలోని శిల్పాల దుకాణంలో కంప్యూటర్ లేవలేదు. విగ్రహాల డిజైన్లన్నీ అందులోని పెద్ద డిస్కులోనే ఉన్నాయి.

“నిన్న షట్‌డౌన్ చేయకనే గోడ స్విచ్ ఆపేసినాన్నా. పొద్దున్నించీ మా ఆయన తిడతానే ఉండాడు,” అంది ఈశ్వరి.

నంద్యాల నుంచి వచ్చిన మెకానిక్ సురేంద్ర, డిస్కు సిద్ధమయ్యేదాకా ఆగమనే మాటను, కంప్యూటర్ లేచేటప్పుడు చదువుకునే బూట్ ఆప్షన్లలో చేర్చాడు. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ లేచింది. డిజైన్లన్నీ కనిపించాయి.

ఈశ్వరి మజ్జిగ తెచ్చిచ్చింది. “నా తప్పు దిద్దినావన్నా. డిజైన్లు గీయను నేర్చుకున్న కాడికి చాలు. ఇంక దీన్ని ముట్టను.”

స్విచ్ ఆపితే బూట్ ఆప్షన్లలోని ఆ మాట పోదు. మొన్న లినక్స్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు పోయింది; ఆ తర్వాత కంప్యూటర్ ఆపింది నిన్ననే. చేసింది సురేంద్రే, చూసుకోలేదు.

“అదే మేలమ్మా,” అన్నాడు గ్లాసులోకి చూస్తూ.