మూడువందలవ పక్షి

పడవ తాడు ఇంకా విప్పనేలేదు, పక్కనున్న పెద్దాయన అప్పుడే చుట్టరికం కలిపేశాడు.

"ఇటు కూర్చో చెల్లెమ్మా, ఈ పక్క నీళ్ళు చిమ్మవు" అన్నాడు లైబ్రేరియన్ భార్యతో. ఆ వెంటనే లైబ్రేరియన్ వైపు తిరిగి, "మీరూ రండి బావగారూ!" అన్నాడు.

లైబ్రేరియన్‌కు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క బావమరిదితోనే వేగలేక చస్తున్నాడాయన.

ఆ బావమరిదికీ ఈయనకీ పక్షుల పిచ్చి. కొత్త పక్షి కనపడితే పుస్తకంలో రాసుకోవడం, ఆనక ఫోన్ చేసి అవతలివాణ్ణి ఏడిపించడం. పదిహేనేళ్ళ పోటీ చెరో రెండువందల తొంభై తొమ్మిది దగ్గర ఆగింది.

మూడువందలవది ఎర్రకాళ్ళ పొదకోడి. ఎగరలేదు, ఈదలేదు. సముద్రం మధ్యనున్న ఈ ఒక్క దీవిలో తప్ప ఎక్కడా లేదు. దీవి మొత్తం అభయారణ్యం కాబట్టి రోజుకు పన్నెండుమందినే రానిస్తారు, అదీ చీటీలో పేరొస్తేనే. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ నాలుగేళ్ళదాకా మొహం చూపించే వీల్లేదు.

బావమరిది వంతు వచ్చే వారం.

"ఇవాళ అది కనపడకపోతే మీ తమ్ముడు నన్ను బతకనివ్వడు" అని లైబ్రేరియన్ పొద్దుటినుంచి భార్యతో ఏడుసార్లు అన్నాడు.

పడవ కదిలింది. ఆ పెద్దాయన గొంతు ఇంజను చప్పుడును కూడా మించిపోయింది. తన పంటి నొప్పి, పక్కింటి పిల్లి, నిరుటి వాన, ఏదీ వదల్లేదు. సగం దూరం వెళ్ళేసరికి లైబ్రేరియన్ మనసులో ఆయనకు వాగుడుకాయ అని పేరు పెట్టేశాడు.

దీవి రేవులో గార్డమ్మాయి అందరి బూట్లూ బ్రష్షుతో రుద్దింది, జేబులు తిరగదీయించింది. బయటి విత్తనం ఒక్కటి కూడా దీవిలో పడకూడదట. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు.

"మడమ దగ్గర చూడు తల్లీ, గడ్డిగింజలు అక్కడే దాక్కుంటాయి" అన్నాడు వాగుడుకాయ.

"ష్!" అన్నాడు లైబ్రేరియన్.

ముప్పై నాలుగేళ్ళు 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చున్న మనిషి. ఆ ఒక్క శబ్దానికి దీవంతా సర్దుకుని కూర్చోవాలి. వాగుడుకాయ మాత్రం చెంపలు వేసుకుని, నాలుగడుగులు నడిచి, "అసలేమైందంటే బావగారూ..." అని మళ్ళీ మొదలుపెట్టాడు.

లైబ్రేరియన్ నడక ఆపేశాడు.

"అమ్మాయ్, ఈయన వస్తే పక్షి కాదు కదా, ఈక కూడా కనపడదు. ఈయనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

మిగతావాళ్ళు తలలూపారు. గార్డమ్మాయి ఇబ్బందిగా, "తాతగారూ, మీరు రేవు దగ్గర కూర్చుంటారా?" అంది.

ఆయన మొహం ఒక్కక్షణం చిన్నబోయింది. "అలాగే తల్లీ" అన్నాడు.

"నాకూ మోకాలు సలుపుతోంది. నేనూ అన్నయ్యగారితో ఇక్కడే ఉంటా" అంది లైబ్రేరియన్ భార్య.

లైబ్రేరియన్ పుణ్యం వచ్చినంత సంతోషపడ్డాడు.

పక్షుల్ని చూడ్డానికి కట్టిన చెక్కగదిలో పదిమందీ నాలుగు గంటలు కూర్చున్నారు. తుమ్మొస్తే ముక్కు నులుముకున్నారు. ఒకాయన బిస్కెట్ కొరకబోయి, లైబ్రేరియన్ చూసిన చూపుకు భయపడి దాన్ని నోట్లోనే నానబెట్టుకున్నాడు.

ఒక ఎండ్రకాయ వచ్చింది. అందర్నీ ఓసారి చూసి వెళ్ళిపోయింది.

అంతే. పడవ హారన్ మోగింది.

తిరుగు ప్రయాణంలో లైబ్రేరియన్ మొహం చూసి భార్యకు జాలేసింది.

"కనపడలేదా?"

"లేదు."

"ఇంతకీ ఎలా ఉంటుందండీ అది?"

"కోడంత ఉంటుంది. బూడిదరంగు. ఎర్రకాళ్ళు."

"తోక ఎగరేసుకుంటూ నడుస్తుందా?"

లైబ్రేరియన్ ఆమె వైపు అనుమానంగా చూశాడు.

"అవా! మధ్యాహ్నమంతా మా చుట్టూనే తిరిగాయండీ. అన్నయ్యగారు కబుర్లు చెబుతుంటే ఒక్కొక్కటే పొదల్లోంచి వచ్చాయి. పద్నాలుగు లెక్కపెట్టాను. ఒకటి నా బూటు తాడు కూడా లాగేసింది, దొంగ మొహంది! మీరంతా వస్తున్న చప్పుడు విని పారిపోయాయి."

"మరి నన్ను పిలవలేదేం?"

"మాట్లాడకూడదన్నారుగా మీరు!"

బిస్కెట్ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. లైబ్రేరియన్‌కు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీ, నేను చూశాను కదా, రాసేసుకోండి. తమ్ముడికేం తెలుస్తుంది?"

లైబ్రేరియన్ పుస్తకం తెరిచాడు, కాసేపు చూశాడు, మూసేశాడు. లేనిది రాయడం ఆయనవల్ల కాలేదు.

"అంతా ఆ వాగుడుకాయ అదృష్టం!" అన్నాడు పళ్ళు నూరుతూ.

చుక్కాని పట్టుకున్న పడవ నడిపే ఆయన ఇటు తిరిగాడు.

"అదృష్టమేంటి సార్? ముప్పై ఏళ్ళు ఆ దీవికి కాపలా కాసిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఆయనా మీలాగే చీటీ వేసుకోవాలి. నాలుగేళ్ళకి ఇవాళ పేరొచ్చింది."

లైబ్రేరియన్ పడవ చివరకు చూశాడు. పెద్దాయన దీవి వైపు తిరిగి కూర్చున్నాడు. బయల్దేరినప్పటినుంచి ఒక్క మాట లేదు. చెల్లెమ్మా లేదు, బావగారూ లేదు.

"మరి అంత వాగుడేమిటయ్యా?" అన్నాడు లైబ్రేరియన్, గొంతు తగ్గించి.

"ఆ కోళ్ళు తొమ్మిదే మిగిలిన సంవత్సరం, వాటి గుడ్లు తన గదిలోకి తెచ్చుకుని లాంతరు వేడి మీద పొదిగించాడు సార్, తల్లి గొంతు వినపడందే పిల్లలు మేత ముట్టవని పగలూ రాత్రీ వాటితో మాట్లాడుతూనే ఉన్నాడు, అప్పుడు పట్టుకున్న వాగుడే అది."