గురువారం వచ్చిన హిమజ

ఆండాళమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"నంద్యాల నుంచి వచ్చినానమ్మా. మీ ముత్తాత రాసిన పుస్తకం కోసం."

"హిమజ పంపిందా?"

హిమజ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ పిల్ల గురువారమే వచ్చి తీసుకపోయింది గదా! ఇంకేం కావాలంట?"

మూడేళ్లుగా హిమజ వెతుకుతున్నది ఆ పుస్తకం కోసమే.

ఆ ముత్తాత ఎప్పుడో ఒక ఫ్రెంచి దొరకు సంస్కృతం చదివి చెప్పిన ఆళ్లగడ్డ పండితుడు. దొర అచ్చు వేయించిన గ్రంథాల్లో ఆయన 'ఒక స్థానిక బ్రాహ్మణుడు', అంతే.

పారిస్ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన కాగితాల్లో ఆయన పేరు హిమజ కంట పడింది. ఆ పేరు పట్టుకుని అహోబిలం తిరిగింది, చాగలమర్రి తిరిగింది. చివరికి ఈ ఇంటి ఫోన్ నంబరు దొరికింది.

ఫోన్ చేస్తే, వీళ్ల దగ్గర ఆయన రాతప్రతి ఉందని తెలిసింది. అంచుల్లో దొర ప్రశ్నలు, వాటి కింద ఈయన జవాబులు.

ఆ సంగతి ఒక్కరికే చెప్పింది. తన గదిలోనే ఉంటూ, అదే విషయం మీద పరిశోధన చేస్తున్న అమృతకు.

గురువారం ఇక్కడికి రావాల్సి ఉండగా, బుధవారం హిమజకు జ్వరం వచ్చింది.

"నువ్వు పండుకో. ఆయమ్మకు ఫోన్ చేసి వారం ఆగమంటాలే," అంది అమృత.

గురువారం సాయంత్రం గంజి కాచి, చల్లార్చి తాగించింది కూడా.

హిమజ తన ఫోన్‌లోని ఒక ఫొటో ఆండాళమ్మకు చూపింది. శ్రీశైలం డ్యాం దగ్గర ఇద్దరూ నవ్వుతున్నారు.

ఆండాళమ్మ అద్దాలు సర్దుకుని, అమృత ముఖం మీద వేలు పెట్టింది.

"ఈ పిల్లే హిమజ."

"నేనమ్మా హిమజను."

కాలేజీ కార్డు చూపించింది. ఆండాళమ్మ కార్డు చదవలేదు. హిమజ ముఖమే చూస్తూ అరుగు మీద కూలబడింది.

"ఆ పుస్తకం మేం ఎవురికీ ఇచ్చిండ్లేదు పాపా. ఫోన్లో నువ్వు మా ముత్తాత పేరు చెప్తే ఏడుపొచ్చింది. ఆ పేరు బయటోళ్లకు తెలీదనుకున్యా. ఆ పిల్లా వాకిట్లో నిలబడి అదే పేరు చెప్పె. ఇంగ అనుమానం యాడిది?"

హిమజ ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"నీకేమయితాది ఆ పిల్ల?"

జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. అమృత.

"యాడుండావే? రెండయితాంది. నీకోసం తినకుండా కూసోనుండా."

ఆండాళమ్మ ఆమె వైపే చూస్తోంది.

"తినేయ్, అమృతా," అంది హిమజ.