రెండు గ్లాసుల పందెం

రోజూ రాత్రి భోజనాలు కాగానే రేణుకకు గండం మొదలవుతుంది. ఆ గండం పేరు పాలగ్లాసు.

తెచ్చేది అత్తగారు సక్కుబాయి. పొడవాటి స్టీలు గ్లాసు, నిండా బర్రె పాలు, పైన మందంగా మీగడ. కోడలు చివరి చుక్క తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది. రేణుకకు పాలు పడవు. ఆ సంగతి డాక్టర్ చెప్పాడు, పుట్టింటివాళ్లు చెప్పారు, తెల్లవార్లూ ఆమె కడుపు కూడా చెబుతూనే ఉంది. పొద్దున హైటెక్ సిటీలో ఆఫీసు మీటింగ్ జరుగుతుంటే ఆ కడుపు మధ్యలో కల్పించుకుని మాట్లాడుతుంది. ఎవరైనా ఏమన్నా అన్నారా అని టీం లీడర్ చాలాసార్లు మర్యాదగా ఆగి అడిగాడు.

సక్కుబాయికి ఎన్ని విధాల చెప్పినా చెవికెక్కలేదు. మదీనాగూడలో ఇప్పుడు బట్టల షోరూం ఉన్నచోట ఒకప్పుడు వీళ్ల బర్రెల కొట్టం ఉండేది. కొట్టం పోయి మియాపూర్‌లో ఫ్లాట్ వచ్చింది కానీ, పాల మీది గర్వం మాత్రం లిఫ్టెక్కి వాళ్లతోపాటే ఐదో అంతస్తుకు వచ్చేసింది. ఇప్పటికీ చందానగర్ అవతల ఉన్న చుట్టాల ఇంటి నుంచి పాలు తెప్పిస్తుంది. క్యాన్ మూత తీసి వాసన చూసి నీళ్లు కలిపారో లేదో చెప్పేస్తుంది. ఆ ముక్కుకు చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్లంతా దండం పెడతారు.

“బర్రెలను సాకిన ఇంటికి కోడలయినంక పాలు పడకపోవుడేంది? అన్ని నఖరాలు” అనేది.

కోడలి గ్లాసు ఖాళీ అయ్యాక తన గ్లాసు, భర్త రాజయ్య గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. నలుగురిలో పాలు తాగితే దిష్టి తగులుతుందట. మరి కోడలికి తగలదా అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. రాజయ్య అయితే నోట్లో నాలుక లేని మనిషి. రోజూ పొద్దున వాకింగ్‌కు పోతాడు. పార్కు బెంచీ మీద కూర్చుని తేన్పులు తీసి వస్తాడు. ఎన్నాళ్లు నడిచినా పొట్ట మాత్రం తగ్గడం లేదు.

ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో పాలు లేని హాట్ చాక్లెట్ తాగింది రేణుక. కడుపు కిక్కురుమనలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దీన్ని ఇంట్లోనే చేసి, ఎలాగైనా పాలగ్లాసును వదిలించుకోవాలనుకుంది.

మొదట ఓట్స్ నానబెట్టి రుబ్బింది. జిగురుగా వచ్చింది. దీంతో చొక్కా కాలర్లకు గంజి పెట్టుకోవచ్చన్నాడు భర్త శివశంకర్. సోయా పాలు తీస్తే వంటిల్లంతా పచ్చి చిక్కుడుగింజల వాసన. కొబ్బరి పాలతో చేస్తే తలకు నూనె రాసుకున్నట్టుందన్నాడు. రేణుక గరిటె చూపించాక కొన్నాళ్లు వ్యాఖ్యానాలు తగ్గించాడు.

చివరికి జీడిపప్పు కుదిరింది. వేడినీళ్లలో నానబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి బట్టలో వడగట్టి, కోకో పొడి, బెల్లం, చిటికెడు ఉప్పు వేసి సన్నటి మంట మీద కలిపింది. ఈసారి శివశంకర్ గిన్నె నాకుతూ ఉండిపోయాడు.

రేణుక ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా పరీక్షలు పెట్టే మనిషి, ఆదివారం సాయంత్రం ధైర్యం చేసి అత్తగారికీ ఒకటి పెట్టింది.

“అత్తమ్మా, రెండు గ్లాసుల చాక్లెట్ కలిపిన. ఒకదాంట్ల మన బర్రె పాలు, ఇంకోదాంట్ల జీడిపప్పు. పాలది ఏదో మీరు చెప్తే ఇగ నోరెత్తకుండ రోజు పాలు తాగుత. చెప్పకపోతే నాకు పాలు బంద్.”

సక్కుబాయి నవ్వింది. ఆ నవ్వు చూడగానే రేణుకకు అనవసరంగా కెలికానేమో అని భయం పట్టుకుంది. ఓడిపోతే ఇక జన్మంతా పాలే.

శివశంకర్ పాలున్న గ్లాసు అడుగున పసుపు బొట్టు పెట్టి, రెండింటినీ తెచ్చి బల్ల మీద ఉంచాడు. రంగులో, చిక్కదనంలో తేడా ఏమీ లేదు. రాజయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

సక్కుబాయి మొదటి గ్లాసు ఎత్తి వాసన చూసింది. మొహం చిట్లించి దించేసింది. రెండోది వాసన చూసి ఒక గుటక వేసింది. కళ్లు మూసుకుని ఇంకో గుటక వేసింది. అలా చివరి చుక్క దాకా తాగి మూతి తుడుచుకుంది.

“ఇగో, ఇవీ పాలంటే. అది జీడిపప్పు నీళ్లు, మోరీల పారబొయ్యి.”

శివశంకర్ ఖాళీ గ్లాసు తిరగేశాడు. బొట్టు లేదు.

 అంత పేరున్న ముక్కు జీడిపప్పు చేతిలో ఓడిపోయింది. రేణుకకు ఎగిరి గంతేయాలనిపించింది. అత్తగారి ముందు బాగోదని ఆగింది. పైగా ఆ పెద్దావిడ పరువు తీశానని జాలి కూడా వేసింది.

సక్కుబాయి మాత్రం పెద్దగా బాధపడినట్టు లేదు. మాటంటే మాటేనని, కోడలికి పాలు బంద్ అని ప్రకటించింది. అక్కడితో ఆగలేదు. తన ముక్కు ఎక్కడ మోసపోయిందో తేల్చుకోవాలట, కాబట్టి రేపటి నుంచి తనకు కూడా రోజూ ఆ జీడిపప్పు గ్లాసే కలపమంది. తేలడానికి ఎన్నేళ్లు పట్టినా సరేనంటూ గదిలోకి నడిచింది.

ఆ మాట వినగానే రాజయ్య లేచి, ఆమె వెనకే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. భార్య చేయి పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు:

“నీకు పాలు పడవన్న ముచ్చట ఎవరికి తెల్వకుండ పెండ్లయిన కాడికెళ్లి నీ గ్లాసు గూడ నేనే తాగుతున్న, రేపటికెళ్లి ఇగ నాకు ఒక్కటే గద?”